నాలుగు చెంచాల రోజా

మా తమ్ముడు కైలాసం పొట్ట కుట్టించుకున్న నెల రోజులకు మా ఇంట్లో చెలరేగిన గందరగోళానికి మూలకారణం నేను రాసిన ఒక వాక్యం. ఈ సంగతి ఇంట్లో ఎవరూ నా ముఖాన అనలేదు. కళాశాలలో ముప్ఫై ఏళ్లు తర్కశాస్త్రం చెప్పిన అక్కను తప్పు పట్టడానికి వారికి మొహమాటం. కనుక ఆ పని నేనే చేస్తున్నాను.

ఆ వాక్యం ఇది: "మెత్తని ఆహారమనగా, పళ్లతో పని లేకుండా, నాలుకతో అంగిటికి నొక్కినంత మాత్రాన చిదికి గొంతు దిగునది."

సర్జనుగారు ఇంగ్లీషులో రాసిచ్చిన చీటీలో ఇటువంటి నిర్మాణమేమీ లేదు. మెత్తగా ఉడికిన అన్నం, పెసరకట్టు, పాలలో నానిన ఇడ్లీ, చిదిమిన అరటిపండు అని నాలుగు పదార్థాల పేర్లున్నాయి. వాటి కింద, పూటకు నాలుగు చెంచాలు మాత్రమే అని రాసి రెండు గీతలు గీసి ఉంది. ఉదాహరణలిచ్చి ఊరుకోవడం శాస్త్రీయం కాదన్న పట్టుదలతో, దాన్ని తెలుగులో రాసి వంటింటి గోడకు అంటించేటప్పుడు నేను జాబితాను తీసేసి నిర్వచనం పెట్టాను. జాబితాలో లేనిది తినకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. నిర్వచనంలో ఇమిడిందల్లా తినవచ్చునని కనిపెట్టడానికి కైలాసం వంటివాడు కావాలి.

కైలాసం యాకుత్‌పురా రైల్వే స్టేషన్‌లో టికెట్లిచ్చే గుమాస్తా. నేనూ, అతనూ, అతని భార్య రాజమణీ సంతోష్‌నగర్‌లో ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ఆ సంవత్సరం, అంటే పందొమ్మిది వందల ఎనభై మూడులో, అతనికి నలభై నాలుగేళ్లు. బరువెంతో మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియదు. నర్సింగ్ హోములోని తూకపు యంత్రం ముల్లు నూట ఇరవై దాకా వెళ్లి, ఆ పైన తనకు సంబంధం లేదన్నట్టు ఆగిపోయేది. చివరకు స్టేషన్‌లో మూటలు తూచే కాటా మీద నిలబెట్టారు. నూట ముప్ఫై ఒక్క కిలోలు. మూటల గుమాస్తా శివయ్య ఆ అంకెను ఒక కాగితం మీద రాసిచ్చి, "త్వరగా పాడయ్యే సరుకు" అన్న చీటీ ఒకటి కైలాసం వీపుకు అంటించాడు. ఆ చీటీతోనే అతను ఇంటికి వచ్చాడు. అది చదివి రాజమణి నవ్వలేదు. అప్పటికే అతను టికెట్టు మీద ముద్ర వేస్తూ వేస్తూ నిద్రలోకి జారుకుంటున్నాడు. నిద్రలో ఊపిరి ఆగిపోయి, రాజమణి భుజం తడితే మళ్లీ మొదలయ్యేది. ఇదే తీరుగా ఉంటే రెండేళ్లకు మించి కష్టమని వైద్యులు చెప్పారు.

విదేశంలో చదివి వచ్చిన ఒక సర్జను అతని కడుపును పైభాగాన అడ్డంగా కుట్టి, కోడిగుడ్డంత సంచిని మాత్రం వాడుకకు మిగిల్చాడు. "ఇందులో నాలుగు చెంచాలు పడతాయి. ఆ పైన కుక్కితే కుట్లు తెగుతాయి. తెగితే నేను మళ్లీ కత్తి పట్టను. పట్టినా మనిషి దక్కడు" అని మా ముగ్గురి ముందూ చెప్పాడు. ఆ సాయంత్రమే రాజమణి ఇంట్లోని గరిటెలన్నీ అటక మీదికి చేర్చి, చంటిపిల్లలకు తాగించే ఉగ్గుగిన్నె ఒకటి కొనుక్కొచ్చింది.

రోగిని చూడడానికి ఉత్తచేతులతో వెళ్లకూడదన్నది మా వీధి మర్యాద. అందుచేత, తక్కువ తినడం కోసం కోత పెట్టించుకున్న మనిషి చుట్టూ ఎన్నడూ లేనంత తిండి చేరింది. ఎదురింటి చంద్రమ్మ సకినాల డబ్బాతో వచ్చి, మంచం మీది కైలాసాన్ని చూసి కొంగుతో కళ్లొత్తుకుంది.

"అయ్యో బిడ్డా, ఎంత చిక్కిపోయినవ్! మంచిగ పహిల్వాన్ లెక్క ఉంటివి."

"చిక్కుతందుకే గద పెద్దమ్మా కడుపు కోపిచ్చుకున్న," అన్నాడు కైలాసం.

"చిక్కుతందుకు కత్తి ఏంటికిరా? మా ఇంటికొచ్చి మా కోడలు చేతి కూడు తింటె నెలకే చిక్కుదువు."

సకినాలు నేనూ రాజమణీ తిన్నాం. చంద్రమ్మ తరువాత వచ్చినవారు తెచ్చినవి కూడా మేమే తిన్నాం. ఆ నెలలో కైలాసం పద్నాలుగు కిలోలు తగ్గాడు. మేమిద్దరం కలిసి ఐదు పెరిగాం.

మొదటి వారం కొబ్బరినీళ్లు, తరువాత మూడు వారాలు గుడ్డలో వడగట్టిన గంజి. కైలాసం ఓర్చుకున్నాడు. ఐదో వారం మొదటి రోజు, అంటే మెత్తని ఆహారం మొదలుపెట్టవలసిన రోజు, సరిగ్గా రంజాన్ నెల మొదటి రోజయింది. ఈ కలయిక ఎందుకు ప్రమాదకరమో తెలియాలంటే గులాం రసూల్ సంగతి తెలియాలి.

గులాం రసూల్ స్టేషన్ దగ్గర చిన్న హోటల్ నడిపే వంటవాడు. అతని తల్లి పుట్టిల్లు అరబ్బుల పేట బార్కస్. గోధుమనూ మాంసాన్నీ ఏది ఏదో తెలియనంతగా ఉడికించి మెదిపే విద్య అటునుంచే వచ్చిందని చెప్పుకునేవాడు. రంజాన్ నెలంతా అతని డేగ్ అనే పెద్ద గుండిగ కింద తెల్లవారకముందే మంట రాజుకుంటుంది. తమ్ముడు జహంగీర్ పొడవాటి కర్ర తెడ్డుతో మధ్యాహ్నం దాకా దంచుతాడు. ఉపవాసం విడిచే వేళకు హలీం సిద్ధమవుతుంది. చిక్కల్లా ఒక్కటే. వండేవాడికీ రోజా ఉపవాసమే, దంచేవాడికీ రోజాయే. పొద్దు గూకేదాకా వాళ్లు ఉమ్మి కూడా మింగని నిష్ఠాపరులు. ఉప్పు ఎవరు చూడాలి? అందుకని రోజా లేని మనిషిని ఒకరిని పిలిచి ఉప్పు చూపించుకోవడం అక్కడి పద్ధతి. ఇరవై ఏళ్ల కిందట ఒక సాయంత్రం నాలుగు గంటలకు డ్యూటీ దిగి వస్తున్న కైలాసాన్ని గులాం రసూల్ కేకేసి, ఒక చెంచా చేతిలో పెట్టాడు. కైలాసం నోట్లో వేసుకుని "బరాబర్" అన్నాడు, సరిగ్గా ఉందని. ఆ సాయంత్రం హలీం మొత్తం అమ్ముడుపోయింది. మరునాడు మళ్లీ పిలుపు వచ్చింది.

మూడో రంజాన్ నాటికి, వేడి మీద ఒక్క చెంచాతో ఉప్పు తెలియదని కైలాసం కనుగొన్నాడు. కనుక గిన్నె వచ్చింది. ఏడో రంజాన్ నాటికి, పైన ఉప్పు వేరు, నడుమ ఉప్పు వేరు, అడుగున ఉప్పు వేరు అని కనుగొన్నాడు. కనుక మూడు గిన్నెలయ్యాయి. పరిశోధన ఎంత విస్తరించినా ఫలితం మాత్రం ఇరవై ఏళ్లుగా ఒకటే మాట. బరాబర్.

రంజాన్ మొదటి రోజు మధ్యాహ్నం మూడింటికి కైలాసం చొక్కా తొడుక్కున్నాడు. రాజమణి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"యాడికి?"

"డ్యూటీకి."

"సెలవుల ఉన్నవ్ గద!"

"రైల్వే డ్యూటీ కాదు. రసూల్ భాయ్ డేగ్ దింపే యాల్లయితుంది."

"హలీమా? కుట్లు తెంపుకొని సస్తవా ఏంది?"

కైలాసం వంటింటి గోడవైపు వేలు చూపించాడు. "సదువు. పండ్లతోని పనుందా? లేదు. నాలికెతోని నొక్కితె చిదుగుతదా? చిదుగుతది. గొంతు దిగుతదా? గా దిగుడు సంగతి నాకెరికే. అక్క రాసింది. అక్క కంటె ఎక్కువ సదివినవా నువ్వు?"

రాజమణి నావైపు తిరిగింది. "వదినె, ఏందిది?"

నా విద్యార్థులలో ఇంత నిర్దుష్టంగా వాదించినవాడు ఒక్కడూ లేడు. ఈ వాదనలో ఎక్కడ దెబ్బకొట్టాలా అని వెదికాను. దొరకలేదు. "నిర్వచనంలో ఇముడుతుంది," అని ఒప్పుకున్నాను. "అయితే నాలుగు చెంచాల నియమం దానికీ వర్తిస్తుంది."

"గీయన నాలుగు చెంచాలు తిని లేస్తడా? మూడు గిన్నెలు తిని, ఉప్పు ఇంక సమజ్ కాలే అనే మనిషి! నువ్వు రాయంగనే అయిపాయెనా వదినె?"

తలుపుకు తాళం పడింది. జహంగీర్ వచ్చి తాళాన్ని చూసి వెనక్కి వెళ్లాడు. గులాం రసూల్ ఆ రోజుకు మా పక్కింటి గుండయ్యను పిలిపించుకున్నాడు.

గుండయ్యకు రక్తపోటు. ఏడాదిగా ఉప్పు లేని కూడు తింటున్నాడు. అటువంటి నాలుకకు చిటికెడు ఉప్పు కూడా పండుగే. డేగ్‌లోది ఒక చెంచా నోట్లో పెట్టుకుని, ఆనందం పట్టలేక, "మస్తుంది భాయ్, జర ఎక్కువనే ఉన్నది" అన్నాడు. మరునాడు గులాం రసూల్ ఉప్పు తగ్గించాడు. గుండయ్య మళ్లీ "మస్తుంది" అన్నాడు. మూడు రోజులలో హలీం చప్పబడింది, డేగ్‌లో సగం మిగిలింది, రోడ్డుకు అవతల కొత్తగా వెలసిన దుకాణం ముందు బారు పెరిగింది.

నాలుగో రోజు పొద్దున గులాం రసూల్ మా ఇంటికి వచ్చాడు. రోజా ఉన్నవాడికి మంచినీళ్లు కూడా ఇవ్వలేక రాజమణి ఇబ్బందిపడింది. అతను అరుగు మీదే కూర్చున్నాడు.

"నేను ఏం అడగనీకి రాలే ఆపా. భాయ్‌ను జూసి పోదామని వచ్చిన. తబియత్ ఎట్లున్నది భాయ్?"

"తబియత్ మంచిగనే ఉన్నది. మనిషే లేడు," అన్నాడు కైలాసం. "డేగ్ ఎట్లయింది?"

"డేగ్‌ను ఫికర్ చెయ్యకు. అల్లా ఉన్నడు. గుండయ్య ఉన్నడు."

కైలాసం ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. కోత నొప్పికి కూడా అతను అలా తిప్పుకోగా నేను చూడలేదు. రాజమణి కూడా అది చూసింది. చాలాసేపు చీపురుతో ఒకేచోట ఊడ్చి, చివరకు నిలబడింది.

"వదినె ఎంబడి వస్తది. ఉగ్గుగిన్నె మాదే, చెంచా మాదే. నాలుగు అయినంక ఐదోదానికి చెయ్యి లేసిందంటె, రసూల్ భాయ్, మీ సోపతి గీడికే."

"ఖుదా కసమ్," అని ఒట్టేశాడు గులాం రసూల్.

సాయంత్రం నాలుగింటికి మేమిద్దరం రిక్షాలో వెళ్లాం. రంజాన్ పగళ్లలో ఉపవాసమున్నవారి ఎదుట తినకూడదు గనుక హోటల్ ముందు గోనె పరదా కట్టి ఉంటుంది. బయట బెంచీల మీద పది పన్నెండు మంది కూర్చుని ఉన్నారు. వదులైన చొక్కాలో కైలాసం రిక్షా దిగుతుంటే ఒకరు మరొకరిని మోచేత్తో పొడిచారు.

"అరే, గీ మనిషి కైలాసమేనా, ఆయిన తమ్ముడా?"

"కైలాసమే. పేట్ సిలాయించుకున్నడంట."

"పేట్ సిలాయించుకున్నోడు హలీం ఎట్ల తింటడు? దర్జీని ఎంబడి తెచ్చుకున్నడా?"

పరదా వెనక మేము నలుగురమే. గులాం రసూల్, తెడ్డు పట్టుకున్న జహంగీర్, కైలాసం, చెంచా పట్టుకున్న నేను. డేగ్ మూత తీశారు. నెయ్యీ, వేయించిన ఉల్లిగడ్డా, మాంసమూ కలిసిన ఆవిరి లేచింది. కైలాసం కళ్లు మూసుకుని తెరిచాడు. నేను ఒక చెంచా ఉగ్గుగిన్నెలో వేసి ఇచ్చాను.

అతను దాన్ని నాలుక మీద ఉంచుకుని చాలాసేపు కదలలేదు. నిర్వచనం ప్రకారం అది వెంటనే దిగిపోవాలి. దిగనివ్వలేదు. ఒక్కొక్క వైపుకు తిప్పుతూ, నెల రోజుల తరువాత నోటికి వచ్చిన మొదటి నిజమైన ఆహారాన్ని ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు దాచుకున్నాడు. మింగిన తరువాత అతని ముఖంలో ఆశ్చర్యం కనిపించింది.

"ఉప్పు తక్కువున్నది."

జహంగీర్ చేతిలో తెడ్డు ఆగిపోయింది. గులాం రసూల్‌కు అర్థం కాలేదు. "ఏం తక్కువ?"

"ఉప్పు."

"ఇరవై ఏండ్ల సంది ఎన్నడన్న తక్కువ అన్నవా భాయ్? ఎక్కువ అన్నవా? బరాబర్, బరాబర్, గంతే గద!"

"ఇరవై ఏండ్ల సంది నేను ఉప్పు చూడలే భాయ్," అన్నాడు కైలాసం నెమ్మదిగా. "తిన్న. గంతే."

గులాం రసూల్ డేగ్‌లోకి తొంగి చూశాడు. ఇంతకాలం తన డేగ్‌లో ఉప్పు ఎవరు సరిచూశారన్న ప్రశ్న అతని ముఖం మీద కనిపించింది. జవాబు భయంకరంగా సులభం. ఎవరూ చూడలేదు. అతను పిడికెడు ఉప్పు తీసుకుని, ఒక్క క్షణం సందేహించి వేశాడు. జహంగీర్ కలిపాడు. కైలాసం రెండో చెంచా నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఇంక జర."

ఇంకొంచెం పడింది. మూడో చెంచా తిని, చాలాసేపటికి తల ఊపాడు. "గిప్పుడు బరాబర్."

అంతవరకు బాగానే ఉంది. ఆ మాట వినగానే గులాం రసూల్ చేయి ఇరవై ఏళ్ల అలవాటు చొప్పున పెద్ద గిన్నె అందుకుని, అంచుదాకా నింపి, పైన నెయ్యి పోసి, కైలాసం ముందు పెట్టింది. చేయి అన్నాను, ఎందుకంటే మనిషి అప్పటికే నాలుక కరుచుకున్నాడు. కైలాసం గిన్నెను చూశాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కైలాసం!" అన్నాను. "ఒక్క చెంచాయే మిగిలింది."

"మెత్తగ ఉన్నదక్కా. పండ్లతోని పని లేదు. నువ్వే రాసినవ్."

"నేను రాసింది తప్పు."

నా జీవితంలో ఈ మాట నేను పైకి అన్నది అదే మొదటిసారి. ఫలితమేమీ లేదు. గిన్నె ఛాతీదాకా లేచింది. నా చేతిలో ఒక చెంచా మాత్రం ఉంది. అవతల నూట పదిహేడు కిలోల తమ్ముడున్నాడు. లోపల కోడిగుడ్డంత సంచీ, నెల రోజుల కుట్లూ ఉన్నాయి.

గులాం రసూల్ గిన్నెను లాక్కోలేదు. దాని అంచు మీద అరచేయి ఆనించాడు, అంతే.

"సుబే నాలుగు గంటల సంది నేను పానీ గూడ ముట్టలే భాయ్. ఈ డేగ్ ముందల నిల్సున్న. ఈ ఖుష్బూ నాకు గూడ తెలుస్తది. ఇరవై ఏండ్లు నా ముందల కూసుండి మూడు మూడు గిన్నెలు తిన్నవ్. నేను జూసుకుంట నిల్సున్న. ఎన్నడన్న అడిగినవా, రసూల్, నీకు ఆకలి కాదా అని?"

కైలాసం గిన్నెలోంచి చూపు ఎత్తి అతనివైపు చూశాడు.

"నాది పొద్దుగూకే మగ్రిబ్ దాక రోజా. నీది నాలుగు చెంచాల రోజా. ఇద్దరం నిల్సుందాం."

గిన్నె కిందికి దిగింది. దానితో పాటు కైలాసం కళ్లలోంచి నీళ్లు కూడా దిగాయి. అవి పశ్చాత్తాపమో ఆకలో నేను నిర్ధారించలేను. రెండూ కావచ్చు. జహంగీర్ గిన్నెను డేగ్‌లోకి తిరిగి వంచేశాడు. కైలాసం ముక్కు చీది, "నాలుగో చెంచా తినను. ఉగ్గుగిన్నెల పొయ్ అక్కా, ఇంటికి తీస్కపోతా" అన్నాడు. ఇరవై రంజాన్‌లలో ఆ హోటల్ నుంచి అతను ఇంటికి తెచ్చిన మొదటి హలీం అది.

పరదా తొలగించుకుని బయటికి వచ్చినప్పుడు బెంచీల మీది తలలన్నీ ఒక్కసారిగా అతని ముఖంవైపు లేవడం చూశాను. ఇంతకాలం ఆ డేగ్‌ను అమ్మింది ఉప్పు కాదని అప్పుడు తెలిసింది. మూడు గిన్నెలు తిని, చెమటలు కక్కుతూ, మీసం తుడుచుకుంటూ ఇవతలికి వచ్చే ఆ ముఖమే దాన్ని అమ్మింది. సాయంత్రపు అసరు నమాజు చేసి ఇళ్లకు పోయేవారు దాన్ని చూసి తమ కుటుంబాలకు హలీం కట్టించుకునేవారు. గుండయ్యది పుట్టుకతోనే సంతాపసభ ముఖం. నాలుక సరిగ్గా ఉన్నా, ఆ ముఖంతో మూడు రోజులు పరదా వెనకనుంచి వస్తే ఏ డేగ్ ఖాళీ అవుతుంది?

ఈ రోజు కైలాసం ముఖమంతా కన్నీళ్లు.

"ఏడుస్తుండు సూడు!"

"తిని ఏడుస్తుండా, తినక ఏడుస్తుండా?"

"తినే ఏడుస్తుండు. పూటకు నాలుగే చెంచాలంట భాయ్, అండ్ల మూడు గీడనే తిన్నడు! ఎంత మంచిగ కాకుంటె?"

వాస్తవానికి సరిగ్గా వ్యతిరేకమైన ఈ నిర్ణయం మేము రిక్షా ఎక్కేలోగానే స్టేషన్ గేటుదాకా పాకింది. ఆ సాయంత్రం రోజా విడిచిన అరగంటకే డేగ్ అడుగు కనబడిందని జహంగీర్ పరుగున వచ్చి చెప్పిపోయాడు.

మేము ఇల్లు చేరేసరికి రాజమణి గుమ్మంలోనే ఉంది. మొదట కైలాసం పొట్టవైపు చూసింది, తరువాత నావైపు. మూడు వేళ్లు చూపించాను. కైలాసం ఉగ్గుగిన్నె ఆమె చేతికిచ్చాడు.

"నాలుగోది. నీకు తెచ్చిన."

పెళ్లయిన ఇరవై రెండేళ్లకు భర్త తన నోటి ముందరిది తీసి తెచ్చిపెట్టడం ఏ స్త్రీనైనా కదిలించవలసిన ఘట్టం. రాజమణి గిన్నె తీసుకుని, వేలితో కొంచెం నాకి, కనుబొమలు ముడిచింది.

"ఉప్పెక్కువైంది."

"ఏందీ?"

"మాంసంల ముందుగాలనే ఉప్పేసి ఉడకబెడ్తరు గద. గది చల్లగయినంక తేలుతది. నువ్వు వేడి మీద జూసి ఎక్కువ ఏపిచ్చినవ్. జర నిమ్మకాయ పిండితె సరిపోతుండె."

కైలాసం మంచం మీద కూలబడ్డాడు. ఇరవై ఏళ్లు ఆ ఉప్పును సరిచూడగల నాలుక నాలుగు ఫర్లాంగుల దూరంలో, తన వంటింట్లోనే ఉంది. దాన్ని ఎవరూ ఒక్క చెంచా అడగలేదు.

మరునాటినుంచి ఏర్పాటు మారింది. మూడున్నరకు కైలాసం హోటల్‌కు నడిచివెళ్లి ఉగ్గుగిన్నెలో రెండు చెంచాలు తెస్తాడు. రాజమణి ఒకటి చల్లార్చి నాలుక మీద పెట్టుకుని, "జరంత" అనో "సాలు" అనో తీర్పు చెబుతుంది. రెండోది కైలాసం తింటాడు, పదిహేను నిమిషాలపాటు. ఆ తీర్పుతో అతను తిరిగి నడుస్తాడు, పరదా వెనక చెప్పి, ముఖం తుడుచుకుని ఇవతలికి వస్తాడు. రోజుకు రెండుసార్లు రానూపోనూ నడక. పండుగ మరునాడు శివయ్య అతన్ని మళ్లీ మూటల కాటా మీద నిలబెట్టి, "ఖాళీ డబ్బా, వాపసు" అన్న చీటీ వీపుకు అంటించి పంపాడు. ఈసారి రాజమణి నవ్వి, దాన్ని ఊడదీయకుండా రెండు రోజులు ఉంచింది.

గోడ మీది నా నిర్వచనాన్ని నేనే చింపేశాను. సర్జనుగారి నాలుగు పదార్థాల జాబితాను ఉన్నదున్నట్టు రాసి అంటించాను. మరునాడు చూస్తే దాని కింద రాజమణి చేతిరాతలో ఐదోది చేరి ఉంది: హలీం, ఒక్క చెంచా, నేను చూసినంక.